నడుముతో విన్న పిల్ల

బెల్టు కట్టుకున్న మొదటి పద్దెనిమిది మందికీ చక్కిలిగింతలు తప్ప మరేమీ తెలియలేదు. పదిహేనేళ్లుగా అడవిలో ఏనుగుల జాడ తీస్తున్న చిన్నబ్బ అయితే నెల రోజులు ఓపిగ్గా కట్టుకు తిరిగాడు. చివరికి విప్పి తెచ్చి మునిశేఖర్ బల్ల మీద పెట్టేశాడు.

"చీమలు పారినట్ట ఉండాది సార్, అంతే. ఏనుగు యాడుండాదో నా ముక్కు చెప్తాది గానీ ఇది చెప్పలా."

మునిశేఖర్‌కు ఏడుపొక్కటే తక్కువ. నాలుగేళ్ల కష్టం అది. పలమనేరు అవతల, కౌండిన్య అడవి అంచున ఉన్న ఎర్రమిట్టలో పాడుబడిన పట్టుపురుగుల షెడ్డు ఒకటి తీసుకుని, దాన్నే తన పరిశోధన కేంద్రంగా మార్చుకున్నాడు. ఏనుగులు ఒకదానితో ఒకటి గురగురమంటూ మాట్లాడుకునే మాటల్లో చాలా భాగం మనిషి చెవికి అందదు. అంత లోతైన గొంతు వాటిది. కానీ ఆ గురగుర గాలిలోనూ నేలలోనూ కిలోమీటర్ల దూరం పోతుంది. అడవి అంచు పొడుగునా నలభై చోట్ల నేలలో మైకులు పాతి, వాటికి అందిన అదురును నడుము చుట్టూ ఉన్న ఇరవై నాలుగు బుల్లి మోటార్లకు పంపాడు మునిశేఖర్. తూర్పున ఏనుగు పలికితే బెల్టు తూర్పు వైపు వణుకుతుంది. ఏనుగు ఎక్కడుందో కంప్యూటర్ కూడా చెప్పగలదు. కానీ పది ఏనుగులు ఒక్కసారే పలికినప్పుడు ఏది బెదిరిందో, ఏది ఆకలి మీదుందో, ఏది ఎటు కదలబోతోందో దానికి అంతుపట్టడం లేదు. చూపులేని మనిషికి చేతికర్ర కొస దారి చూపించినట్టు, బతికున్న మెదడుకు ఈ అదురు అర్థం కావాలి. అదీ అతని ఆశ.

పద్దెనిమిది మెదళ్లూ చేతులెత్తేశాక, ఒక బెల్టును ఇంటికి తెచ్చి బీరువా మీద పడేశాడు.

మూడు వారాల తర్వాత, ఒక సోమవారం పొద్దున, దోసె తింటూ తింటూ జోషిత నమలడం ఆపింది. ఆ పిల్లకు పదిహేనేళ్లు. పదో తరగతి.

"నాన్నా, వాళ్లు చెరువు దాటినారు," అంది.

"ఎవరు?"

"ఏనుగులు. ఎనిమిది. కాదు, ఉండు." కళ్లు మూసుకుంది. "తొమ్మిది. ఒకటి బుడ్డది, నడుమన ఉండాది."

మునిశేఖర్ కూతురి నడుము వంక చూశాడు. స్కూలు చుడీదారు కింద బెల్టు ఎత్తుగా కనబడింది. ఎప్పటినుంచి కట్టుకుంటున్నావని అడగాలని కూడా తోచలేదు. ఫోన్ తీసి చిన్నబ్బకు చేశాడు. పావుగంటకు చిన్నబ్బ గొంతు రొప్పుతూ వచ్చింది.

"కొత్తచెరువు కట్ట మీదుండా సార్. అడుగులింకా తడిగా ఉండాయి. తొమ్మిది. ఒకటి గున్న. మీకెవరు చెప్పినారు?"

ఆ రోజు జోషిత బడికి పోలేదు. మునిశేఖర్ ఆమె కళ్లకు గంతలు కట్టి షెడ్డు మిద్దె మీద నిలబెట్టాడు. ఆమె చెయ్యి చాపిన వైపల్లా డ్రోన్‌ను పంపాడు. పన్నెండు సార్లు చూపిస్తే పదకొండు సార్లు ఆ చెట్ల కింద నల్లటి వీపులు కనబడ్డాయి. పదకొండోసారికి మునిశేఖర్ కూతుర్ని రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పేశాడు. "దించు నాన్నా, నాకు పదిహేనేండ్లు," అని ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. అప్పటికే అతని కళ్లలో నీళ్లు.

జోషిత తల్లి హేమావతి మాత్రం నవ్వలేదు. ఆమె ఎర్రమిట్ట ఆరోగ్య కేంద్రంలో నర్సు.

"పెద్దవాళ్లకు రానిది దీనికెట్ల వచ్చింది?" అని అడిగింది సాయంత్రం.

"మన మెదడు కట్టేసి సున్నం కొట్టిన ఇల్లు హేమా. ఈ వయసు పిల్లల మెదడు ఇంకా కడతా ఉండే ఇల్లు. కొత్త వైరు ఎటు లాగాలన్నా గోడల్లో చోటుంటుంది."

"కడతా ఉన్నప్పుడు పెట్టింది, కట్టినాక పీకడానికి వస్తుందా?"

ఆ ప్రశ్నకు తర్వాత జవాబు వెతకొచ్చనుకున్నాడు మునిశేఖర్. ముగ్గురూ కూర్చుని షరతులు పెట్టుకున్నారు. రోజుకు రెండు గంటలే. మిద్దె మీద నుంచే, అడవిలోకి పోకూడదు. బెల్టును ఆపే మీట నాన్న ఫోన్‌లో ఉంటుంది. జోషిత అన్నింటికీ "సరే సరే" అంది.

వానాకాలం పోయేసరికి ఆమెకు ఒక్కో ఏనుగూ విడివిడిగా తెలిసిపోయింది. ముసలి ఆడ ఏనుగు పలికితే మంద మొత్తం కదులుతుందని చెప్పింది. గున్న రోజుకు వంద సార్లు తల్లిని పిలుస్తుందని చెప్పింది. సాయంత్రం ఆరింటికి ఆమె చూపిన దిక్కును బట్టి రైతుల ఫోన్లకు కబురు పోయేది. వాళ్లు ముందే పొలంలో దీపాలు వేసుకుని, డబ్బాలు మోగించి మందను మళ్లించేవాళ్లు. ఆ మూడు నెలల్లో ఎర్రమిట్ట చుట్టూ మనిషికి గానీ ఏనుగుకు గానీ దెబ్బ తగలలేదు. బెంగళూరు నుంచి ఇద్దరు శాస్త్రవేత్తలు వచ్చి చూసి, అన్నీ రాసుకుని పోయారు. ఇంటికి వచ్చిపోయేవాళ్లందరూ జోషితను వేలుపెట్టి చూపించేవాళ్లు. మునిశేఖర్‌కు నిద్ర పట్టేది కాదు, సంతోషంతో.

ఆ సంతోషంలోనే రెండు గంటలు ఆరయ్యాయి. ఆరు పోయి, స్నానానికి తప్ప విప్పని రోజులు వచ్చాయి. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

జోషితలో మార్పు వచ్చింది. ట్యూషన్‌లో లెక్క మధ్యలో తనలో తానే నవ్వుకునేది. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి మొహం ముడుచుకునేది. "ఏమైంది?" అంటే "ఏం లేదు." పదిహేనేళ్ల పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ రెండు మాటలు వినబడేవే. మార్కులో, స్నేహితురాలితో గొడవో, ఎవరో కుర్రాడో, ఆ మాటల వెనక ఏదో ఉంటుంది. తల్లిదండ్రులు తమ చిన్నతనాన్ని తలుచుకుని ఊహించుకోగలరు. జోషిత మాటల వెనక ఒక అడవి ఉంది. అందులోకి మునిశేఖర్ ఏనాడూ పోలేదు, పోలేడు కూడా.

కార్తీకమాసంలో ఒక రోజు సాయంత్రం ఆమె మిద్దె మీద నుంచి చెప్పింది: "ఒంటరిది ఉత్తరంగా, కొండ తట్టుకు పోతా ఉండాది." ఒంటరిదంటే మంద విడిచి నెల రోజులైన మగ ఏనుగు. చిన్నబ్బ మనుషులు ఉత్తరానికి పోయి కాపు కాశారు.

ఏనుగు దక్షిణాన దిగింది. గంగులప్ప టమాటా తోటలో సగం తొక్కేసింది. అరవై ఏళ్ల గంగులప్ప కర్రలు విరిగే చప్పుడు విని బయటికొచ్చి, దాన్ని ఎదురుగా చూసి పరిగెత్తాడు. పిల్లకాలువలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"యంత్రమన్నాక ఒకసారి పొరబడతాది లెండి సార్," అన్నాడు చిన్నబ్బ, మర్నాడు. మునిశేఖర్‌కు మనసొప్పలేదు. షెడ్డులో కూర్చుని, బెల్టు ఏ నిమిషాన ఎటువైపు వణికిందో కంప్యూటర్‌లో తీసి చూశాడు. ఆరు నుంచి ఏడున్నర దాకా దక్షిణం వైపు మోటార్లే వణికాయి, అదీ గట్టిగా. ఉత్తరం వైపు ఒక్కటీ కదల్లేదు.

పిల్లకు తెలుసు. తెలిసే తప్పు చెప్పింది.

అప్పుడు సాయంత్రం నాలుగున్నర. బడి వదిలే వేళ. ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగాక అవతల కట్ చేశారు. మళ్లీ చేశాడు. మళ్లీ కట్. ఒళ్లు మండిపోయి, బెల్టు ఆపే మీట నొక్కేశాడు.

ఇరవై నిమిషాలకు హేమావతి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి భయమేసింది.

"కల్వర్టు దగ్గర సైకిల్ మీద నుంచి పడింది. ఎముకలు బాగానే ఉండాయి. మోచెయ్యి గీరుకుపోయింది. కానీ నిలబడలేకపోతా ఉంది, నిలబెడితే పక్కకు ఒరిగిపోతా ఉంది. బెల్టు ఆపినారా?"

అతను వెంటనే మళ్లీ మీట నొక్కి బెల్టును నడిపించాడు. ఫోన్‌లో అవతల కూతురు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది జోషిత, మోచేతికి కట్టుతో. తండ్రి వంక చూడలేదు.

"లైటు తీసేసినట్ట ఉంటుందేమో అనుకుంటావు నువ్వు," అంది. "కాదు. నేల తీసేసినట్ట ఉంటుంది."

హేమావతి అడిగింది: "మళ్లీ మామూలుగా అవుతుందా?"

"తెలీదు హేమా," అన్నాడు మునిశేఖర్. "మెల్లగా, రోజుకు కొంచెం కొంచెం తగ్గిస్తే అవుతుందనుకుంటా. కాకపోవచ్చు కూడా. నన్ను మొదటి రోజే అడిగినావు. నేనే వినలా."

తర్వాత అతను కూతురి పక్కన కూర్చున్నాడు. "ఉత్తరమని ఎందుకు చెప్పినావు?"

ఆమెకు ఏడుపు వచ్చేసింది. "వాడికి పన్నెండేండ్లే నాన్నా. మందలో పెద్దోళ్లు వాడిని దగ్గరికి రానియ్యడం లేదు. నెల నుంచి ఒక్కడే తిరగతా ఉండాడు, ఎవరూ పలకడం లేదు. మీకు చెప్తే చిన్నబ్బ మామ వాళ్లు టపాకాయలు పేలుస్తారు. పేలిన ప్రతిసారీ వాడెట్ల అయిపోతాడో నాకు ఇక్కడ తెలుస్తుంది." నడుము మీద చెయ్యి వేసుకుంది. "నాలుగు టమాటాలు తిని పోతాడనుకున్నా. తాత బయటికొస్తాడని అనుకోలా."

ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాళ్లు ముగ్గురే. కంప్యూటర్‌లో ఆ గంటన్నర లెక్క చెరిపేస్తే ఇంకెవరికీ తెలియదు. యంత్రం పొరబడిందంటే ఊరు నమ్ముతుంది, ఇప్పటికే నమ్మింది. పరిశోధన నిలబడుతుంది, పిల్ల మీదికి మాట రాదు. ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు దారి పొడుగునా ఈ ఆలోచనే అతని మెదడులో తిరిగింది. గడప దగ్గర ఆగాడు.

"జోషీ, నీకు చెప్పకుండా బెల్టు ఆపడం నా తప్పు. నీ ప్రాణం మీదికొచ్చుండేది. ఇకమీదట ఆ మీట నీ ఫోన్‌లో ఉంటుంది, నా దగ్గర ఉండదు. తాత కాలు విరగడం నీ తప్పు. రేపు గంగులప్ప ఇంటికి పోదాం. నేను పక్కన కూర్చుంటా. చెప్పేది మాత్రం నువ్వే."

"ఏమంటాడో."

"ఏమన్నా వినాల. తిట్టినా సరే."

గంగులప్ప వసారాలో మంచం మీద, కాలికి కట్టుతో ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జోషిత నిలబడే చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. మునిశేఖర్ నోరు తెరవబోయి, పళ్లు బిగించుకుని ఊరుకున్నాడు.

"అయితే పొరబడింది ఆ బెల్టు కాదు," అన్నాడు గంగులప్ప.

"కాదు తాతా. అది సరిగ్గానే చెప్పింది. నేనే అబద్ధం చెప్పినా."

ముసలాయన మునిశేఖర్ వంక తిరిగాడు. "ఈ మాట నీ నోట వచ్చుంటే సార్, మా కుక్కని వదిలుందును." మళ్లీ పిల్లవైపు చూశాడు. "చూడు పాపా. నాకు ఏనుగు మీద కోపం లేదు. అది తినడానికొచ్చింది. నీ మాట నమ్మి, ఈ పొద్దు ఇటు రాదులే అని నేను నిశ్చింతగా ఉండానే, అదీ నాకు మండతా ఉండేది. నా కాలు అతుక్కునేదాకా నా తోటకు కాపలా నువ్వే. పొద్దుగూకక ముందే రా, ఎనిమిదికి పో. వాడొస్తే దాచకుండా చెప్పు."

"వస్తా తాతా," అంది జోషిత. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వీపు నిటారుగా ఉండటం మునిశేఖర్ గమనించాడు.

మొదటి మూడు సాయంత్రాలూ ఏమీ జరగలేదు. తండ్రీ కూతుళ్లు తోట నడుమ మంచె మీద కూర్చున్నారు. ఆమె సాంఘికశాస్త్రం చదువుకుంది, అతను వేరుశనక్కాయలు ఒలిచి పెట్టాడు. నాలుగో రోజు ఆరుంబావుకు పుస్తకం మూసేసింది.

"వస్తా ఉండాడు. కాలువ గట్టు మీద. ముప్పావు కిలోమీటర్ ఉంటుంది." ఈసారి మాట దాచలేదు.

మునిశేఖర్ ఫోన్‌లో చిన్నబ్బకు చెప్పాడు. చిన్నబ్బ, అతని మనుషులు నలుగురు తోట మూల నుంచి టపాకాయల సరాలతో కదిలారు. అంతలో జోషిత మంచె గుంజను రెండు చేతులా పట్టుకుంది. బెల్టులో ఆ పక్క మోటార్లన్నీ ఒక్కసారిగా రొదపెట్టడం మునిశేఖర్‌కు చెవితోనే వినబడింది.

"ఇంకొకటుండాది నాన్నా. వాడికి వెనకాల, అడవి అంచున. చానా పెద్దది. దీన్ని నేనెప్పుడూ వినలా." కళ్లు పెద్దవయ్యాయి. "మామను ఆపు. ఇప్పుడు పేలిస్తే వాడు ముందుకే పరిగెత్తతాడు. ముందు పాలకేంద్రం ఉండాది."

తోట కింద రోడ్డు వారగా పాలకేంద్రం. పాలు పోసే వేళ. డబ్బాలు పట్టుకుని పాతిక ముప్పై మంది వరసలో నిలబడి ఉన్నారు. మునిశేఖర్ ఫోన్ తెరచి చూశాడు. పటం మీద ఒక్క చుక్కే ఉంది. వెనకాలి శబ్దాన్ని కంప్యూటర్ 'లారీ' అని రాసింది. తన యంత్రం ఒకటి చెబుతోంది, తన బిడ్డ ఒకటి చెబుతోంది. వారం కిందటే ఆ బిడ్డ ఈ ఏనుగు కోసం అబద్ధం చెప్పింది.

"ఎంత నమ్మకం?" అని అడిగాడు.

"నాకు తెలుసు నాన్నా." అని, అంతలోనే ఆగింది. కళ్లు మూసుకుని మూడు నాలుగు ఊపిర్లు తీసింది. "పదిలో ఏడు. పెద్దది పిలస్తా ఉండాది. వాడు నిలబడి వింటా ఉండాడు. వెనక్కి తిరగతాడనే అనుకుంటా. తిరక్కపోవచ్చు కూడా. ముందు పాలకేంద్రం ఖాళీ చేయించు. ఆ తర్వాత ఐదు నిమిషాలివ్వు. అప్పటికీ ముందుకొస్తే పేల్చమని నేనే చెప్తా."

మునిశేఖర్ ఫోన్ ఎత్తాడు. "చిన్నబ్బా, పేల్చొద్దు. ఇద్దర్ని పాలకేంద్రానికి పంపు, అందర్నీ బడి వైపు తోలమను. నువ్వు సరం పట్టుకుని నిలబడు. పేల్చాలంటే పాప చెప్తాది."

"పాపా?"

"పాపే."

రోడ్డు మీద డబ్బాల చప్పుడు, కేకలు, ఆ తర్వాత నిశ్శబ్దం. కాలువ గట్టు మీద నల్లటి ఆకారం తేలింది. పొట్టి దంతాలు మసక వెలుతురులో తెల్లగా మెరిశాయి. ఏనుగు తోటలోకి దిగింది. టమాటా తీగలు కట్టిన కర్రలు ఫెళఫెళ విరిగాయి. ఒక నిమిషం. రెండు. అది తొండంతో ఒక మొక్కను పెరికి, తినకుండా వదిలేసింది. మూడో నిమిషానికి మంచెకు యాభై అడుగుల దూరంలో ఉంది. మునిశేఖర్ అలవాటు కొద్దీ కూతురి ముందుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

జోషిత ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"చిన్నబ్బ మామా, వత్తి దగ్గర అగ్గిపెట్టె పెట్టుకో. నేను మూడు లెక్కపెడతా." ఊపిరి తీసుకుంది. "ఒకటి."

ఏనుగు చెవులు విప్పింది. ముందు కాలు ఒకటి గాల్లోకి ఎత్తి, దించకుండా అలాగే నిలబడింది.

"ఆగు మామా. ఆగు."

మునిశేఖర్‌కు ఏమీ వినబడలేదు. కీచురాళ్ల రొద మాత్రమే ఉంది. ఎత్తిన కాలు మెల్లగా నేల మీదికి దిగింది. ఆ పెద్ద శరీరం ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే, మొదట నడకగా, తర్వాత పిల్లవాడి పరుగులా కాలువ గట్టెక్కింది. అడవి అంచున అప్పటిదాకా బండరాయి అనుకున్నది కదిలింది. నేలను తాకేంత పొడుగు దంతాలు దానివి. కుర్ర ఏనుగు దాని పక్కకు పోయి తొండాన్ని దాని నోటికి తాకించింది. రెండూ చెట్లలోకి వెళ్లిపోయాయి.

తోట మూల నుంచి చిన్నబ్బ మనుషులు ఈలలు వేశారు. జోషిత ఏడుస్తూ నవ్వుతూ, తండ్రి భుజాన్ని గుద్దుతూ ఉంది. "తిరిగినాడు నాన్నా, చూసినావా, తిరిగినాడు." మునిశేఖర్ మంచె మీద చతికిలబడి, తానూ పెద్దగా నవ్వేశాడు. ఫోన్ మోగింది. గంగులప్ప.

"ఎన్ని సాళ్లు పోయినాయి?"

"రెండు తాతా," అంది జోషిత. ఆమె గొంతు ఇంకా ఎగురుతూనే ఉంది.

"మా ఇంటామె మిద్దె మీద నుంచి చూసి మూడంటా ఉంది."

"చీకట్లో సరిగ్గా కనపళ్లా. లెక్కపెట్టి నిజం చెప్తా తాతా."

"చెప్పు. రేపు కూడా రా," అని ఆయన పెట్టేశాడు.

కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక మునిశేఖర్ అడిగాడు: "ఆ పెద్దది ఏమని పిలిచింది?"

"మాటల్లో రాదు నాన్నా. రమ్మని పిలిచినట్ట లేదు. కోప్పడినట్ట కూడా లేదు. నేను ఇక్కడుండా అని, అంతే. అదే పదే పదే చెప్పింది."

కింద నుంచి చిన్నబ్బ కేకేశాడు. "పాపా, దిగు. అడుగులు చూద్దాం రా. ఆ పెద్దదాని కాలు ఎంతుండాదో కొలవాల."

జోషిత లేచి, పుస్తకం సంచిలో పెట్టి, తండ్రి వంక చూసింది. అనుమతి అడిగే చూపు కాదది. మునిశేఖర్ నాలుక మీదికి పది జాగ్రత్తలు వచ్చాయి.

"టార్చి ఉండాదా?" అన్నాడు.

"ఉండాది."

ఆమె నిచ్చెన దిగి, విరిగిన కర్రల మధ్య నుంచి చిన్నబ్బ కంటే ముందే కాలువ గట్టు వైపు నడిచిపోయింది.